వ్యాసానికి ఆకట్టుకునే ఎత్తుగడ ఎలా రాయాలి?

విషయమంతా తెలిసినా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నానని, ఎలాగో రాసినా చప్పగా ఉంటోందని అడిగారు. నేను చాలా ఏళ్లుగా విద్యార్థుల వ్యాసాలు దిద్దుతున్నాను. అందుకని చదివేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

మొదటి వాక్యాన్ని మొదట రాయకండి. మీకు బాగా తెలిసిన చోట మొదలుపెట్టి వ్యాసమంతా రాసేయండి. అయ్యాక రెండో పేజీ, మూడో పేజీ నిదానంగా చదవండి. నేను చూసినంతలో మంచి ఎత్తుగడ అక్కడే ఎక్కడో దాక్కుని ఉంటుంది.

పేపర్ల కట్ట విప్పగానే ఎదురయ్యే వాక్యాలు కొన్ని ఉంటాయి: ‘మానవుడు సంఘజీవి’, ‘నేటి ఆధునిక యుగంలో’, ‘అనాది కాలం నుండి’. వీటిలో తప్పేమీ లేదు. కాకపోతే ఏ వ్యాసానికైనా అతుకుతాయి. మీ మొదటి వాక్యాన్ని తీసి పూర్తిగా వేరే విషయం మీద రాసిన వ్యాసం నెత్తిన పెట్టి చూడండి. అక్కడ కూడా ఒదిగిపోయిందంటే నిర్మొహమాటంగా కొట్టేయండి.

ఒక విద్యార్థిని టీకాల మీద రాసిన వ్యాసం ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని మొదలైంది. మూడో పేరాలో మాత్రం ఈ మాటలున్నాయి: ‘1977 అక్టోబరులో సోమాలియాలో ఒక ఆసుపత్రి వంటవాడికి మశూచి సోకింది. ఆ తర్వాత ప్రపంచంలో సహజంగా ఆ జబ్బు ఎవరికీ రాలేదు.’ ఆ రెండు వాక్యాలనూ పైకి తెచ్చి, అంతకుముందున్నదంతా తీసేయమన్నాను. వ్యాసం ఒక్కసారిగా లేచి కూర్చుంది! ఎందుకంటే అందులో ఒక మనిషి ఉన్నాడు, ఊహకందే చోటు ఉంది, కాలం ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, చదివేవాళ్ల మనసులో ‘మరి ఆ తర్వాత ఎందుకు రాలేదు?’ అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. ఆ ప్రశ్నకు జవాబే ఆ వ్యాసం. మశూచి నిర్మూలన అయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించడం, దాని వెనక ఊరూరా నడిచిన టీకాల పని, ఇవన్నీ వరసగా వచ్చేశాయి. ‘మీకు తెలుసా?’ అని పాఠకుణ్ణి తట్టి లేపాల్సిన అవసరమే పడలేదు.

అయితే వింత విషయం దొరికింది కదా అని దాన్నే తెచ్చి ముందు పెట్టకండి. సౌరవిద్యుత్తు మీద రాస్తూ, సూర్యుడి వెలుగు భూమిని చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుందని మొదలుపెట్టారనుకోండి. నిజమే, బాగుంది కూడా. కానీ మీ వాదనంతా ఆ కరెంటును నిల్వ చేయడం ఎంత కష్టమో అన్నదాని మీద ఉంటే, ఆ 8 నిమిషాలు మళ్లీ ఎక్కడా అక్కరకు రావు. చదివేవాళ్లకు మోసపోయినట్టుంటుంది. దానికి బదులు ‘సూర్యుడు అస్తమించాకే ఇళ్లలో దీపాలు వెలుగుతాయి’ అనండి. అందులో అంకె లేదు, అలంకారం లేదు. సమస్య మొత్తం మాత్రం అందులోనే ఉంది. నాకు ఇలాంటి ఎత్తుగడలే ఎక్కువ ఇష్టం.

మహాకావ్యం ఆశీస్సుతోగాని, నమస్కారంతోగాని, వస్తునిర్దేశంతోగాని మొదలవ్వాలని పాతకాలపు సంస్కృత పండితుడు దండి, కావ్యాలు ఎలా ఉండాలో చెప్పే తన ‘కావ్యాదర్శం’లో అన్నాడు. వ్యాసానికి ఈ మూడోదే పనికొస్తుంది: చెప్పబోయే సంగతిని నేరుగా చూపించడం.

మహానుభావుల సూక్తులతో మొదలుపెట్టడం గురించి కూడా ఒక మాట. అవి నిజంగా వాళ్లన్నవేనా అన్నది చాలాసార్లు అనుమానమే. అది అలా ఉంచినా, మీ గొంతు వినాలని కూర్చున్నవాళ్లకు ముందుగా ఇంకొకరి గొంతు వినిపించడం నాకు నచ్చదు. సూక్తి మీద మీకు అభ్యంతరమో, చర్చో ఉంటే మధ్యలో తెచ్చుకోండి, అక్కడ బాగా పనిచేస్తుంది.

పరీక్షలో వెనక్కి వెళ్లి మార్చే వీలు ఉండదు కదా అంటారేమో. పైన నాలుగైదు గీతలు ఖాళీ వదిలి రెండో పేరాతో మొదలుపెట్టండి. చివర్లో కాస్త సమయం మిగుల్చుకుని ఆ ఖాళీ నింపండి. రెండు మూడు వాక్యాలు చాలు. అప్పటికి మీరేం వాదించారో మీకు స్పష్టంగా తెలుసు కాబట్టి, ముందు తడుముకున్నంత సేపు పట్టదు.