డబ్బుల పాఠం రైతుబజారులో

అమ్మాయ్,

మీ ప్రత్యేక అవసరాల పిల్లల బడిలో పదిహేనేళ్ల అబ్బాయి చేత ఇంకా నోట్‌బుక్కులో ఒకట్లూ పదులూ దిద్దిస్తున్నావట. ఇక చాలు. డబ్బుల పాఠాన్ని ఎంవీపీ కాలనీ రైతుబజారుకి మార్చు. అక్కడ ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరమాడే పనుండదు. ఆదివారం పొద్దున్న మాత్రం వద్దు. ఆ గోలకి ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది చెవులు మూసుకుంటారు, పాఠం సాగదు.

పనిని ముక్కలు చెయ్యి: బోర్డు చూడటం, "కిలో టమాటా" అనడం (మాట రాకపోతే బొమ్మ కార్డు చూపడం), తూకం అయ్యేదాకా ఆగడం, డబ్బివ్వడం, సంచీ అందుకోవడం, చిల్లర జేబులో వేసుకోవడం. నేర్పడం చివర్నుంచి మొదలుపెట్టు. మొదటి ఐదు మెట్లకీ నువ్వు చెయ్యి కలుపు, చిల్లర ఒక్కటీ వాడికి వదిలెయ్యి. వరసగా మూడుసార్లు సాయం లేకుండా చేశాక సంచీ కూడా వాడిదే. ఇలాగైతే మొదటిరోజు నుంచీ పని ముగించేది వాడే అవుతాడు.

అన్నీ పది నోట్లే ఇవ్వు. 34 అంటే మూడు పదులు, పైన ఇంకొకటి. కూడికలు రానివాడికీ ఇది పట్టుబడుతుంది. ధర సరిగ్గా 30 అయితే తికమకపడి నాలుగిస్తాడు. పోనీ, ఒకటి తిరిగొస్తుంది. బొమ్మ నోట్లతో నేర్పకు, అవి మన విశాఖ చెమటకి అసలు నోట్లలా అతుక్కోవు. విడదీసి లెక్కపెట్టడమే సగం పాఠం.

నువ్వు వెనక నిలబడు. ఐదు సెకన్లు ఆగు, కదలకపోతే వేలితో చూపు, అప్పటికీ కాకపోతే వాడికి చెప్పి మోచెయ్యి తాకు. "ఇప్పుడేం చెయ్యాలి నాన్నా?" అని రోజూ అడిగావో, ఆ ప్రశ్న కూడా పనిలో ఒక మెట్టయి కూర్చుంటుంది. నువ్వు లేనిరోజు దానికోసం చూస్తూ నిలబడిపోతాడు. మాటసాయం వదిలించడం అన్నిటికంటే కష్టం.

కూరలమ్మే ఆవిడతో ముందే చెప్పు, నీతో కాదు, వాడితో మాట్లాడమని. వాడి ఎదుట "వీడికి తెలీదండీ" అనకు. ఒకే కొట్టు అలవాటైతే పక్క కొట్టు దగ్గర అంతా మర్చిపోయినట్టే ఉంటాడు, కాబట్టి కుదురుకోగానే కొట్టు మార్చు, తర్వాత సీతమ్మధార రైతుబజారుకి తీసుకెళ్లు.

పద్దెనిమిది నిండాక సంరక్షకత్వం గురించి, అంటే వాడి తరఫున చట్టప్రకారం నిర్ణయాలు తీసుకునే మనిషిని పెట్టడం గురించి, అమ్మానాన్నలు అడుగుతారు. ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం చేసిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టరు ఉండే స్థానిక కమిటీ, అసలు అవసరమా, ఏయే విషయాలకి అని చూస్తుంది. వాడు స్వయంగా ఏం చేసుకోగలడో చూపే కాగితం అప్పుడు చేతిలో ఉండాలి. అందుకని తేదీ, మెట్టు, ఏ సాయం ఇచ్చావో బజారులోనే రాసెయ్యి. బడికొచ్చాక గుర్తుండదు.

మీ మాస్టారు