అయొడిన్ ఎటు పోయింది?

నల్లగొండ

తమ్మీ,

నువ్వు పంపిన రసాయనశాస్త్ర పాఠం రెండుసార్లు చదివాను. "సమతాస్థితి రాగానే చర్య ఆగిపోతుంది" అన్న వాక్యం కొట్టేశాను. ఆగదు. ముందుకీ వెనక్కీ ఒకే వేగంతో నడుస్తుంటుంది, అందుకే గాఢతలు మారవు. ఇది దిద్దుకుంటే అయిపోయే సంగతి.

అసలు తిరకాసు నీ లెక్కలో ఉంది. లీటరు పాత్రలో ఒక మోల్ హైడ్రోజన్, ఒక మోల్ అయొడిన్ పోశావు. అవి కలిస్తే హైడ్రోజన్ అయొడైడ్ పుడుతుంది. దాని గాఢత వర్గాన్ని, మిగిలిన ఆ రెండింటి గాఢతల లబ్ధంతో భాగిస్తే వచ్చే సమతాస్థితి స్థిరాంకం 49 అన్నావు. 450 డిగ్రీల దగ్గర అది 50కి అటూ ఇటూగా ఉంటుంది, వర్గమూలం తేలిగ్గా రావాలని 49 తీసుకున్నావు, మంచిదే. రెండూ ఎక్స్ చొప్పున ఖర్చయ్యాయి. పుట్టిన హైడ్రోజన్ అయొడైడ్ కూడా ఎక్స్ అనే రాసేశావు. ఎక్స్ 0.875 వచ్చింది. తిరిగి సూత్రంలో పెట్టి, 49 వచ్చిందని టిక్కు కూడా కొట్టుకున్నావు.

మోసం అక్కడే ఉంది. పుట్టిన 0.875ని, చెరొకటిలో మిగిలిన 0.125తో భాగిస్తే 7, దాని వర్గం 49. లెక్క తప్పినా సూత్రం ఒప్పేసుకుంటుంది. దానికి కావలసింది నిష్పత్తి, సరుకు ఎంతుందో అది అడగదు. అది మనమే అడగాలి. ఒక్కో అయొడిన్ అణువులో రెండు పరమాణువులు, కాబట్టి అయొడిన్ పరమాణువులు మొదట 2 మోల్‌లు. చివర్లో మిగిలిన అయొడిన్‌లో 0.25, అయొడైడ్‌లో 0.875. మొత్తం 1.125.

నా మొదటి గైడులోనూ ఇదే తప్పు రెండు ముద్రణల దాకా ఉండిపోయింది. దేవరకొండ నుంచి ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె పోస్టుకార్డు రాసింది: "సార్, మిగతా అయొడిన్ ఎటు పోయింది?" ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

ఒక్కో అయొడిన్ అణువుకు రెండు అయొడైడ్ అణువులు పుడతాయి కాబట్టి అక్కడ 2ఎక్స్ రావాలి. 2ఎక్స్‌ను (1 − ఎక్స్)తో భాగిస్తే 7, అంటే ఎక్స్ 7/9, సుమారు 0.778. అయొడైడ్ 1.556, మిగతావి చెరో 0.222. అయొడిన్ లెక్కపెట్టు: 0.444కి 1.556 కలిపితే 2.

నీ తప్పు లెక్కను చెరిపేయకు. పాఠంలో ముందు దాన్నే పెట్టు, టిక్కుతో సహా. పిల్లలు నమ్మాక పరమాణువులు లెక్కపెట్టించు.

తరువాతి పాఠానికి ఫ్లోరైడ్ ఎక్కువున్న మన నల్లగొండ నీళ్లనే తీసుకో. కాల్షియం ఫ్లోరైడ్ కరిగితే ఒక కాల్షియానికి రెండు ఫ్లోరైడ్‌లు వస్తాయి, పైగా నీళ్లలో కాల్షియం తక్కువుంటే ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ నిలుస్తుంది. అక్కడ కూడా ఆ రెండు మరిచావంటే ఆ నీళ్లతో బాధపడ్డ మర్రిగూడ వాళ్లు కార్డు రాయరు, నేరుగా నీ ఇంటికే వస్తారు.

మీ అన్న