ఫీజు కట్టేశాక చేతిలో ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది గద్వాల దగ్గర పల్లె. అమ్మాయి చేత రాయిస్తున్నాను, మా ఇద్దరికీ చదువు లేదు. ఆయనకు 46 ఏళ్లు, తాపీ మేస్త్రి. పని బాగా దొరికిన నెలలో 20 వేలు తెస్తారు. నేను బట్టలు కుడతాను, ఏడెనిమిది వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 17 వేలు. ఆయన పేరు మీద రెండెకరాల చేను ఉంది. బ్యాంకులో 3 లక్షలు, ఇంట్లో 6 తులాల బంగారం ఉన్నాయి. అమ్మాయి గురుకులంలో బైపీసీ పాసైంది. నీట్‌లో అర్హత వచ్చింది కానీ కన్వీనర్ సీటు రాలేదు. కిర్గిజ్‌స్థాన్‌లో ఆరేళ్ల ఎంబీబీఎస్‌కు 28 లక్షలవుతుందని, ముందు 8 లక్షలు కట్టి తర్వాత ఏడాదికి 4 లక్షల చొప్పున కట్టుకోవచ్చని కన్సల్టెన్సీవాళ్లు చెబుతున్నారు. చేను రిజిస్ట్రేషన్ చేసిస్తే నూటికి 2 రూపాయల వడ్డీకి 8 లక్షలు ఇస్తానని ఒక ఫైనాన్స్ ఆయన అన్నాడు. మా 3 లక్షలు టికెట్టుకు, అక్కడి ఖర్చులకు పెడతాం. ఆయనకు షుగర్ ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉందని వేరే పాలసీ తీసుకోలేదు. సీటు బుకింగ్‌కు 50 వేలు ఇంకా కట్టలేదు. ఈ అప్పు తీసుకోవచ్చా?

సమాధానం: తీసుకోవద్దమ్మా. ఇలాంటి ఉత్తరాలు ప్రతి జూన్, జూలైలో వస్తాయి. కాలేజీ, దేశం పేర్లు మారుతుంటాయి కానీ పొరపాటు మాత్రం మారదు. ఇంట్లో ఉన్న ప్రతి రూపాయినీ ఫీజు కిందే లెక్కేసుకుంటారు. ఆ ఆరేళ్లలో ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా రాదన్నట్టు లెక్క కట్టేస్తారు.

ముందు వడ్డీ సంగతి. నూటికి 2 రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి అది 24 శాతం. 8 లక్షల మీద నెలకు 16 వేలు, ఏడాదికి 1,92,000. ఆరేళ్లకు వడ్డీయే 11,52,000 కడతారు, అసలు 8 లక్షలు మాత్రం అలాగే ఉంటుంది. పని దండిగా దొరికిన నెలలో కూడా మీకు మిగిలేది 11 వేలు. 16 వేల వడ్డీ ఎక్కడి నుంచి కడతారు? రెండో ఏడాది కట్టాల్సిన 4 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? ‘అప్పటికి బ్యాంకు లోన్ వస్తుంది’ అని కన్సల్టెన్సీవాళ్లు చెప్పే ఉంటారు. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు తనఖా అడుగుతుంది. వ్యవసాయ భూమిని, బాకీల వసూలుకు బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం కింద జప్తు చేసుకునే వీల్లేదు కాబట్టి చాలా బ్యాంకులు చేనును తనఖాగా ఒప్పుకోవు. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్న తండ్రికి 10, 11 శాతానికి అప్పు పుడుతుంది. చేను తప్ప మరేమీ లేని తండ్రి 24 శాతం కట్టాలి. పిల్లల ర్యాంకులు ఒకటే అయినా ఈ ఒక్క తేడాతో వాళ్ల దారులు వేరైపోతాయి. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అయితే ఆ కోపంతో మీ చేత ఈ అప్పు చేయించలేను.

‘రిజిస్ట్రేషన్ చేసిస్తే’ అన్న మాట మీ ఉత్తరంలో రెండుసార్లు చదివాను. అది తనఖా కాదమ్మా, అమ్మకం. తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్‌తో పాటే మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, అయిపోతుంది, పాస్‌బుక్ ఆ ఫైనాన్స్ మనిషి పేరు మీదకు వెళ్తుంది. ఆ రోజు నుంచి ఎకరాకు ఏడాదికి 12 వేల చొప్పున వచ్చే రైతు భరోసా మీకు రాదు. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పట్టాదారు అయినందువల్లే మీ ఆయనకు రైతు బీమా ఉంది. 59 ఏళ్ల లోపు ఏ కారణంతో ప్రాణం పోయినా నామినీకి 5 లక్షలు అందే పథకం అది, 2018 ఆగస్టు నుంచి నడుస్తోంది. మీ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క జీవిత బీమా అదే. షుగర్ ఉన్న మనిషి, పరంజా మీద నిలబడి పనిచేసే మనిషి, పైసా కట్టకుండా వచ్చిన ఆ బీమాను వదులుకుని 24 శాతం అప్పు నెత్తికెత్తుకుంటాడా? ఆ ఫైనాన్స్ మనిషి మంచివాడే కావచ్చు, చేను తిరిగి రాసిస్తానని ఒట్టు పెట్టి ఉండొచ్చు. కాగితం మీద మాత్రం చేను అతనిదే.

ఇక నేను ప్రతి ఉత్తరానికీ చెప్పే మాటకు వస్తాను. ఆపదకు డబ్బు పక్కన పెట్టకుండా ఏ ఫీజూ కట్టకండి.

మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒకావిడ కిందటేడు నా దగ్గరకు వచ్చారు. కూతురు బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది, భర్తకు షుగర్. ప్లాస్టిక్ కవర్‌లోని మందులన్నీ నా టేబుల్ మీద గుమ్మరించారు. అందులో రెండు రకాల మాత్రల షీట్లు ఉన్నాయి. ఒకటి టౌన్‌లో డాక్టర్ రాసింది, ఇంకొకటి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చింది. పేర్లు వేరు, రంగులు వేరు. కంపెనీ పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు చూస్తే రెండింటి మీదా గ్లిమెపిరైడ్ అనే ఉంది. ఒకే మందును ఆయన నెల రోజులు పొద్దున్నే రెండింతలు మింగారు. ఒకరోజు షుగర్ పడిపోయి చేన్లోనే కూలిపోయారు. ప్రైవేటు ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచారు, 41 వేలు బిల్లయింది. ఆరోగ్యశ్రీ ఈ చికిత్సకు వర్తించదన్నారు. ఇంట్లో ఉన్నది కూతురి హాస్టల్ డబ్బే, అది బిల్లుకు పోయింది. నాన్న దగ్గర ఉండడానికి వచ్చిన అమ్మాయి నెలన్నర కాలేజీకి వెళ్లలేదు. హాజరు చాలక పరీక్ష రాయనివ్వలేదు. ఇప్పుడు మందుల షాపులో 9 వేల జీతానికి చేస్తోంది.

ఆ అమ్మాయి చదువు ఆగింది ఫీజు వల్ల కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది. ఇంట్లో మందు షీటు చదవగలిగిన మనిషి లేకపోవడం వల్ల జబ్బు ముదిరింది. పక్కన 50 వేలు లేకపోవడం వల్ల ఆ జబ్బు చదువు మీద పడింది. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత 50 శాతానికి లోపే, హైదరాబాద్‌లో 83 శాతం. ఈ అంకెలను నేను ఆసుపత్రి బిల్లుల్లో చూస్తుంటాను. చదువుకున్న ఇంట్లో ‘ఈ రెండూ ఒకటే కదా డాక్టర్ గారూ’ అని అడిగే మనిషి ఒకరుంటారు. మీ ఇంట్లో అలా అడగగలిగేది ఇప్పుడు మీ అమ్మాయి ఒక్కతే.

ఆరోగ్యశ్రీ మంచి పథకం. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలైంది. కార్డు జాగ్రత్తగా పెట్టుకోండి. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే పనికొస్తుంది. నెలనెలా వేసుకునే మాత్రలు, అర్ధరాత్రి ఆటో కిరాయి, ఆయన మంచం పట్టిన రోజుల్లో పోయే కూలి, ఇవేవీ అందులో రావు. నెలకు 20 పనిదినాలతో నడిచే ఇంటిని పడగొట్టేవి ఇవే. అందుకని ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,02,000, మందులకూ పరీక్షలకూ మరో 18 వేలు కలిపి 1,20,000 విడిగా పెట్టండి. చిట్టీలో వేయకండి, సంఘంలో అప్పివ్వకండి, చుట్టాలకు చెప్పకండి. సగం పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో, సగం బ్యాంకు ఎఫ్‌డీలో, రెండూ మీ పేరు మీదే ఉంచండి. బంగారం జోలికి వెళ్లకండి. ఈ నిధి కూడా అయిపోయిన రోజున బ్యాంకులో కుదువ పెట్టడానికి అది ఉండాలి. ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా ఈ వారమే ఇద్దరూ కట్టండి. ఆయనకు కార్మిక శాఖలో భవన నిర్మాణ కార్మికుల కార్డు లేకపోతే తీయించండి. నిధి నిండాక కుటుంబానికి ఆరోగ్య పాలసీ చూద్దాం. అప్పుడు షుగర్ సంగతి దాచకుండా రాయాలి.

అమ్మాయి డాక్టర్ కావద్దని నేననడం లేదు. ఆరేళ్లు చదివి వచ్చాక, విదేశాల్లో ఎంబీబీఎస్ చేసినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాసవ్వాలని, ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలని కన్సల్టెన్సీవాళ్లు చెప్పారా? చాలా విడతల్లో ఆ పరీక్ష ముగ్గురిలో ఒకరు కూడా గట్టెక్కడం లేదు. సంపాదన మొదలయ్యేసరికి ఏడేళ్లు దాటుతుంది. మీ వడ్డీ మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది.

ఉన్న డబ్బుతో అయ్యే పనులు ఇవి. మిగిలిన 1,80,000లో నుంచి ఒక్క ఏడాది నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఖర్చు పెట్టొచ్చు, అదీ కన్వీనర్ సీటుకు కొద్ది మార్కులే తక్కువైతేనే. లేదంటే ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ చదవొచ్చు. నాలుగేళ్లలో ఉద్యోగానికి అర్హత వస్తుంది, జర్మనీ, జపాన్‌లకు నర్సులను పంపే టామ్‌కామ్ ప్రభుత్వ సంస్థే. పీఎం విద్యాలక్ష్మి రుణం మన దేశంలోని గుర్తించిన కాలేజీలకే, రాష్ట్ర ప్రభుత్వమిచ్చే విదేశీ విద్యా నిధి పీజీ, పీహెచ్‌డీలకే. వాటి పేరు చెప్పి ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి.

సీటు బుకింగ్‌కు 50 వేలు ఇంకా కట్టలేదని రాశారు. కట్టకండి. సోమవారం ఆయన వాడే మాత్రల షీట్లన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఒక కవర్‌లో వేసుకుని అమ్మాయిని తోడు తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. షుగర్ మాత్రలు అక్కడ ఉచితంగా ఇస్తారు. రక్తం తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపుతారు, దానికీ డబ్బు తీసుకోరు. మూడు నెలల సగటు షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు రెండూ చేయించమని అమ్మాయి చేత అడిగించండి. వచ్చేటప్పుడు దారిలో పోస్టాఫీసుకు వెళ్లి ఆ ఖాతా తెరవండి.