బిడ్డకు అన్నం ఎప్పుడు మొదలుపెట్టాలి?

బిడ్డకు ఆరు నెలలు నిండాక, అంటే సుమారు 180 రోజులు పూర్తయ్యాక, తల్లిపాలు కొనసాగిస్తూనే మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. తల్లి కడుపులో ఉండగా బిడ్డ ఒంట్లో చేరిన ఇనుము నిల్వలు ఆ వయసుకు తరిగిపోతాయి, ఎదుగుదలకు కావలసిన శక్తి పాలతో మాత్రమే సరిపోదు. పైగా అప్పటికి బిడ్డ మెడ నిలిపి, ఆసరాతో కూర్చోగలుగుతుంది, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేయడం కూడా తగ్గుతుంది.

'ఆరో నెల' అన్న మాట దగ్గరే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. జనవరి 10న పుట్టిన బిడ్డకు జూన్ 10న ఆరో నెల ప్రవేశిస్తుంది కానీ, ఆరు నెలలు నిండేది జూలై 10న. అన్నప్రాశన ముహూర్తం ముందుగా కుదిరినంత మాత్రాన ఆ రోజు నుంచే రోజూ తినిపించనక్కర్లేదు. మొదలుపెట్టాక పలుచని పప్పుకట్టుతో సరిపెట్టకుండా, చెంచా నుంచి జారిపోనంత చిక్కగా మెదిపిన పప్పన్నం పెట్టాలి.