ఇల్లు – మరమ్మతులు: బాల్కనీ స్లైడింగ్ తలుపు మొరాయిస్తే

ప్రశ్న: మాది విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్. హాలుకూ బాల్కనీకీ మధ్య ఉన్న అల్యూమినియం స్లైడింగ్ తలుపు ఏడేళ్లపాటు సులువుగా జరిగేది. ఇప్పుడు రెండు చేతులతో తోసినా కదలడం లేదు. ట్రాకులో కొబ్బరినూనె వేస్తే వారం రోజులు బాగుండి మళ్లీ మొరాయించింది. లాక్ కొక్కెం పడడం లేదు, వాన వస్తే హాల్లోకి నీళ్లు వస్తున్నాయి. లాక్ రంధ్రాన్ని ఆకురాయితో రాపి పెద్దది చేస్తానని వడ్రంగి అంటున్నాడు. ఇంట్లో మూడేళ్ల మనవడు ఉన్నాడు. తలుపు మొత్తం మార్చాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తలుపు మార్చనక్కరలేదనే నా అభిప్రాయం. ముందుగా మనవడి సంగతి చూడండి. లాక్ బాగుపడేవరకు, జరిగే షట్టర్ (అద్దం బిగించిన తలుపు రెక్క) వెనుక ఖాళీగా ఉండే ట్రాకులో కొలతకు కోసిన కర్రను పడుకోబెడితే బాబు తలుపు తెరవలేడు.

మీరు చెప్పిన మూడు బాధలకూ మూలం దాదాపుగా ఒక్కటే. నూనె దుమ్మును, ఇసుకను, వెంట్రుకలను పట్టి ఉంచి ముద్దగా మారుస్తుంది. ఆ ముద్ద రోలర్లకు, అంటే తలుపు కింది చిన్న చక్రాలకు, చుట్టుకుంటే అవి తిరగవు, ట్రాకు కింద నీళ్లు బయటికి పోయే రంధ్రాలకు అడ్డుపడితే వాన నీరు లోపలికి పొర్లుతుంది. రోలర్లు అరిగి షట్టర్ కిందికి దిగితే కొక్కెం కూడా దానితోపాటు దిగి, రంధ్రానికి కింద తగులుతుంది. అందుకే ఆకురాయి వద్దు. షట్టర్ తన ఎత్తుకు వచ్చాక ఆ రాపిన రంధ్రంలో లాక్ వదులుగా ఊగుతుంది.

మొదట ట్రాకును వాక్యూమ్ క్లీనర్‌తోను, తర్వాత సబ్బునీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తోను జిడ్డు పోయేదాకా శుభ్రం చేయండి. ఫ్రేమ్ బయటివైపు, అడుగున ఉండే సన్నని రంధ్రాలను తీగతో పొడిచి, ట్రాకులో మగ్గుడు నీళ్లు నెమ్మదిగా పోసి చూడండి. అవి బాల్కనీ వైపు కారిపోతే సరే. బాల్కనీ వాలు హాలువైపే ఉంటే మాత్రం తలుపుతో తీరే సమస్య కాదు.

తర్వాత షట్టర్‌ను అంగుళం మేర తెరిచి, దాని అంచుకూ నిలువు ఫ్రేముకూ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందేమో చూడండి. కింద ఎక్కువ, పైన తక్కువ కనిపిస్తే లాక్ వైపు మూల కుంగిందన్నమాట. షట్టర్ అడుగున రెండు మూలల్లోనూ రోలర్లు ఉంటాయి; చాలా తలుపుల్లో, పక్క అంచున చిన్న ప్లాస్టిక్ మూత వెనుక వాటి స్క్రూ ఉంటుంది. దాన్ని ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే తిప్పి, షట్టర్ లేస్తోందో దిగుతోందో గమనించండి. తిప్పేటప్పుడు ఇంకొకరు చదునైన పట్టీతో షట్టర్‌ను కాస్త ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే బరువుకు స్క్రూ తల అరిగిపోతుంది. ఆ బరువు తక్కువేమీ కాదు: చదరపు మీటరు అద్దం ఒక్కో మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది, కాబట్టి 5 మిల్లీమీటర్ల అద్దంతో నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న షట్టర్‌లో అద్దమే 32 కిలోల దాకా ఉంటుంది.

స్క్రూ తిప్పినా షట్టర్ లేవకపోతే రోలర్ పాడైనట్లే. ఉప్పుగాలికి మామూలు ఉక్కు బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, అందుకే మీ ఊళ్లో స్టెయిన్‌లెస్ బేరింగు ఉన్న నైలాన్ రోలర్లే వేయించండి. పాతదాన్ని దుకాణానికి తీసుకువెళ్లి, దానికి సరిపోయే జతను తెచ్చుకోవాలి. షట్టర్ తీయడం ఇద్దరు మనుషుల పని. రోలర్లను లోపలికి దించి, పైన అడ్డుకట్ట ఉంటే వదులు చేసి, షట్టర్‌ను పై ట్రాకులోకి ఎత్తి, అడుగుభాగాన్ని హాలువైపు లాగాలి. తీశాక దుప్పటి మడత మీదే ఆనించండి. టఫెన్డ్ అద్దం (వేడిచేసి గట్టిపరిచినది) మధ్యలో ఎంత గట్టిదైనా అంచుకు దెబ్బ తగిలితే మొత్తం ముక్కలవుతుంది.

లాక్ పని చివర్లో చేయండి. కొక్కెం కొనకు కాస్త కాటుక రాసి తలుపు మూసి లాక్ తిప్పితే, లాక్ రంధ్రం ఉన్న ఎదుటి పట్టీ మీద అది ఎక్కడ తగులుతోందో మచ్చ చెబుతుంది. ఆ పట్టీ స్క్రూలు రెండూ వదులు చేసి, మచ్చ ఉన్న వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి బిగిస్తే చాలు.

ఇకపై నూనె, గ్రీజు వద్దు. పొడిగుడ్డకు సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టి ట్రాకును తుడవండి. సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి నెలకోసారి మంచినీళ్లతో ఫ్రేమును కడిగి తుడవండి. బాత్‌రూమ్ యాసిడ్‌ను మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి, అల్యూమినియాన్ని అది తినేస్తుంది.