అల్జీరియాలో అరబ్బీని ఏకైక అధికార భాషగా చేయడం ఎందుకు వివాదమైంది?

1830 నుంచి 1962 దాకా ఫ్రెంచి పాలనలో అధికారమూ ఉన్నత చదువులూ ఫ్రెంచికే దక్కినందున, 1963 రాజ్యాంగంలో అరబ్బీని అధికార భాషగా ప్రకటించడం పోయిన గౌరవాన్ని తిరిగి నిలబెట్టుకోవడంగా అల్జీరియా నాయకులకు తోచింది. అందులో న్యాయం ఉంది. అయితే బడిలో నేర్పిన ప్రామాణిక అరబ్బీ ఇళ్లలో మాట్లాడే వ్యావహారిక అరబ్బీ అయిన దారిజా కాదు. ఉత్తర ఆఫ్రికా మూలవాసులైన అమాజిగ్ (బెర్బర్) ప్రజల కబీలీ వంటి భాషలవారికి అది మరింత దూరం. 1980 మార్చిలో కబీలీ ప్రాంతపు పట్టణం తిజి ఉజులో రచయిత మూలూద్ మమ్మెరి ప్రాచీన కబీలీ కవిత్వంపై చేయవలసిన ప్రసంగాన్ని అధికారులు నిషేధించడంతో చెలరేగిన ఆందోళనే ‘అమాజిగ్ వసంతం’. కవిత్వంపై ప్రసంగాన్నే సహించలేకపోయిన ప్రభుత్వం జాతి ఐక్యత అంటే ఏకభాషే అని పొరబడిందని నా అభిప్రాయం. అమాజిగ్ భాష అయిన తమాజిగ్త్‌కు జాతీయ భాష హోదా 2002లో, అధికార భాష హోదా 2016లో మాత్రమే లభించాయి.