ఎక్స్‌రే నార్మల్ వచ్చినా రెండు తుంటి కీళ్లకూ ఎంఆర్ఐ అడగండి

మీ బాబుకి 12 ఏళ్లు, ఏఎల్ఎల్‌కి, అంటే లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌కి, మెయింటెనెన్స్ (జబ్బు తిరగబెట్టకుండా చాలాకాలం ఇచ్చే మందులు) నడుస్తోంది, మోకాలు నొప్పని కుంటుతున్నాడు, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, ఇంకా ఎంఆర్ఐ ఎందుకు అని కదా మీరు అడిగింది. తీయించండి. మోకాలికే కాదు, రెండు తుంటి కీళ్లకూ కలిపి రాయమని మీ ఆంకాలజిస్టుని (క్యాన్సర్ డాక్టరుని) అడగండి.

మా అమ్మాయికీ ఇలాగే మొదలైంది. అప్పుడు తనకి 13 ఏళ్లు, ట్రీట్‌మెంట్ ఇక్కడే హైదరాబాద్‌లో. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించాకే కిందికి దిగేది, ఎక్కడమ్మా నొప్పి అంటే మోకాలే చూపించేది. మోకాలి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. డాక్టరుగారు పడుకోబెట్టి, కాలు మడిచి తుంటి దగ్గర లోపలికి తిప్పగానే కెవ్వుమంది. తుంటిలో తేడా ఉంటే పిల్లలకి నొప్పి మోకాల్లో తెలియడం మామూలేనట.

దీనికి పెద్ద కారణం స్టెరాయిడ్లు, అంటే డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్. లుకేమియా లొంగాలంటే అవి తప్పవు, కానీ వాటివల్ల కొందరిలో కీళ్ల దగ్గర ఎముకకి రక్తం అందక లోపల కొంత భాగం చచ్చిపోతుంది. రిపోర్టుల్లో ఏవీఎన్ అనో ఆస్టియోనెక్రోసిస్ అనో రాస్తారు. 10 ఏళ్లు దాటిన పిల్లల్లో ఎక్కువ. తొలి దశలో ఇది ఎక్స్‌రేకి దొరకదు, ఎంఆర్ఐలో చాలా ముందే కనబడుతుంది, పైగా రేడియేషన్ ఉండదు. డెక్సా స్కాన్ బాగుంది కదా అని ఊరుకోకండి, అది చెప్పేది ఎముక సాంద్రత గురించే.

రిపోర్టులో ఆ పేరు చూడగానే బెంబేలెత్తిపోకండి. తొడ ఎముక పైన గుండ్రటి తలలో ఎంత భాగం దెబ్బతింది, ఆ గుండ్రం కుంగిందా లేదా, ఈ రెండూ అడగండి, ముందు చేయాల్సిందంతా వాటిమీదే ఆధారపడుతుంది. మాకు డాక్టరుగారు స్క్రీన్ మీద మెలికలు తిరిగిన నల్లటి గీత చూపించి, దాని లోపలున్నదే పోయిన ఎముక అన్నారు. కుడివైపు తల కుంగలేదు. ఎడమవైపు అసలు నొప్పే లేదు, అక్కడా చిన్నది ఉంది, అందుకే రెండువైపులా అని అంత గట్టిగా చెబుతున్నాను. కొన్నాళ్లు చంకకర్రలు, ఫిజియోథెరపీ, గెంతులు బంద్. ఇప్పుడు కాలేజీకి తనే నడిచి వెళుతోంది.

స్కాన్‌కి వెళ్లేటప్పుడు కీమోపోర్ట్ (కీమో మందులు ఎక్కించడానికి చర్మం కింద పెట్టేది) ఉంటే దాని కార్డు పట్టుకెళ్లండి. మొలతాడుకి వెండి బిళ్ల, తాయెత్తు ఉంటే ఇంట్లోనే తీసేయండి. మా అత్తగారు తాయెత్తు తీయడానికి చాలా బాధపడ్డారు, బయటికి రాగానే మళ్లీ కట్టేశాం. లోపల మోతకి పిల్లలు కదిలిపోతారు, ముందే చెప్పి ఉంచండి. సీడీ కూడా అడిగి తీసుకోండి, నిమ్స్‌లోనో ఇంకోచోటో ఎముకల డాక్టరుకి చూపించాలంటే కాగితం ఒక్కటే సరిపోదు.

స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, మార్చాలో వద్దో ఆంకాలజిస్టే చెప్పాలి. ఎముక నొప్పికి జబ్బు తిరగబెట్టడం కూడా కారణం కావచ్చు, కాబట్టి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. అప్పటిదాకా స్కూల్లో ఆటల పీరియడ్ మాన్పించండి.